కంప్యూటరు పట్టికలో గంజాం ఆంధ్రుని పేరు: ప్రారంభకుల సందేహములు

గంజాం మండలమునందలి ఆంధ్రులకు పేరు వ్రాసికొనుట ఒక్క లిపితో ముగియు పని కాదు. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడి, గంజాంలో అధికభాగము మద్రాసునుండి విడివడి అందు చేరినది. ఆనాటి నుండి బరంపురమున పుట్టి పెరిగిన తెలుగువాని పేరు ఇంట తెలుగులోను, బయట ఒడియాలోను, ఇంగ్లీషులోను వ్రాయబడుచు వచ్చినది. ఊరిపేరే ఇందుకు మొదటి సాక్షి. తెలుగువారికి అది బరంపురము, ఒడియావారికి బ్రహ్మపుర, ఇంగ్లీషు కాగితములలో బెర్హంపూర్. మూడును ఒకే ఊరని మనుష్యునకు తెలియును. యంత్రమునకు ఎవరైనను చెప్పినగాని తెలియదు.

కంప్యూటరు విద్య నభ్యసించు యువకులకు గురువులు మొట్టమొదట ఇచ్చు పని తరచుగా ఒక చిన్న జాబితాయే: గ్రంథాలయపు పుస్తకములో, దుకాణపు ఖాతాలో, ఒక సంఘపు సభ్యులో. తెరపై ఒక కిటికీ, అందు పేరు, చిరునామా, ఫోను, పుట్టినతేదీ నింపుటకు గడులు, క్రింద 'సేవ్' అను మీట. విజువల్ బేసిక్ అయినను, జావా అయినను, సీ షార్ప్ అయినను ఈ పనిలో పుట్టు సందేహములు ఒక్కటే. అవి పైకి పదుల సంఖ్యలో కనబడును గాని, త్రవ్వి చూచినచో వానిలో పెక్కింటికి వేరు ఒకటి: "ఇదియు అదియు ఒకటేనా?" బరంపురమందలి ఒక తెలుగు సమాజము తన పాత సభ్యుల పుస్తకములను కంప్యూటరులోని కెక్కింప దలచెననియు, ఆ పని ఒక విద్యార్థికి అప్పగింపబడెననియు అనుకొన్నచో ఆ సందేహము లన్నియు ఒకచోట కానవచ్చును.

క్లాసునకును ఆబ్జెక్టునకును భేదమేమి అనునది మొదటి ప్రశ్న. పట్టుచీరల నేత నెరిగిన బరంపురమువారికి దీనిని బోధించుట కష్టము కాదు. అంచున గుడిశిఖరముల వంటి కుంభములు ఎట్లు రావలెనో, ఏ పోగు వద్ద రంగు మారవలెనో నిర్ణయించు నమూనా వేరు. దాని ననుసరించి మగ్గముపై నుండి దిగిన చీర వేరు. నమూనాను ఎవరును కట్టుకొనలేరు. ఒకే నమూనాతో నేసిన రెండు చీరలలో ఒకటి చిరిగినచో రెండవది చిరుగదు. 'సభ్యుడు' అను క్లాసు నమూనా. దానినుండి పుట్టించిన ఒక్కొక్క సభ్యుడు ఆబ్జెక్టు. ఇంతవరకు ఎవరికైనను బోధపడును.

చిక్కు తరువాత వచ్చును. "ఒక సభ్యుని వివరములను వేరొక పేరులోనికి నకలు తీసి, నకలులో ఫోను సంఖ్య మార్చితిని, అసలులో కూడ మారిపోయినది. ఏల?" అని విద్యార్థి అడుగును. అతడు నకలు తీయలేదు. ఉన్న వస్తువునకు రెండవ పేరు పెట్టెను. ఇంటిలో చిన్నబాబు అని పిలువబడువాడు బడిలో సత్యనారాయణ కావచ్చును. చిన్నబాబునకు జ్వరము వచ్చి సత్యనారాయణ కులాసాగా నుండుట సాధ్యమా? పై భాషలలో ఆబ్జెక్టును ఒక పేరునుండి మరొక పేరున కిచ్చినపుడు చేరునది వస్తువు కాదు, వస్తువున్న చోటి గుర్తు మాత్రమే. వేరు వస్తువు కావలెనన్నచో దానిని క్రొత్తగా పుట్టించి, ఒక్కొక్క వివరమును అందు నింపవలెను.

దీనికి తిరుగుడైనది మరియొకటి. పేరుండును, వస్తువే యుండదు. అట్టి పేరును పట్టుకొని ఫోను సంఖ్య అడిగినచో ప్రోగ్రాము తత్క్షణము కూలిపోవును. ఈ శూన్యపు గుర్తును, అనగా 'నల్' అనుదానిని, 1965లో ఆల్గాల్ డబ్ల్యు భాషలో ప్రవేశపెట్టిన టోనీ హోర్ 2009లో దానిని తన వందకోట్ల డాలర్ల పొరపాటుగా చెప్పుకొనెను. ప్రారంభకులు ఈ దోషమును చూచి తమకు తెలివి లేదని క్రుంగుట కలదు, అది అనవసరము.

"నిన్న నమోదు చేసిన సభ్యులు నేడు లేరు" అనునది అన్నింటికంటె ఎక్కువగా వినబడు మొర. దీని సమాధానమునకు కొంచెము పూర్వకథ అవసరము. ఆబ్జెక్టు పద్ధతి నార్వేలో పుట్టినది. ఓలే యోహాన్ దాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనువారు లోకమందలి వ్యవహారములను యంత్రములో నడిపి చూచుటకు సిములా భాషను నిర్మించిరి. 1967నాటి సిములాలో క్లాసు, ఆబ్జెక్టు రెండును కలవు. పట్టికల పద్ధతి వేరొక అవసరమున పుట్టినది. ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గార్ కాడ్, విషయములను యంత్రపు అమరికతో నిమిత్తము లేకుండ వరుసలుగను, శీర్షికలుగను దాచి యుంచవచ్చునని 1970లో ప్రతిపాదించెను. ఒకటి కదలు వస్తువుల శాస్త్రము, రెండవది నిలుచు లెక్కల శాస్త్రము. తెరపై కనబడు సభ్యుడు మొదటిదానికి చెందినవాడు. ప్రోగ్రాము మూసినంతనే అతడు లేడు. డేటాబేసులోని వరుస రెండవదానికి చెందినది; కరెంటు పోయినను అది యుండును. తెరపై గడిలో అక్షరము మార్చినంత మాత్రమున వరుస మారదు. మార్పును పట్టికకు పంపవలెను. పట్టిక దానిని అంగీకరింపవలెను.

పంపినను పోవుట కలదు. విద్యార్థి తన ప్రాజెక్టులోనే డేటాబేసు ఫైలు నుంచును. కొన్ని అమరికలలో ప్రోగ్రాము నిర్మించిన ప్రతిసారి ఆ ఫైలు మరియొక సంచికి నకలుగా వెళ్లి, ప్రోగ్రాము ఆ నకలులోనే వ్రాయును. మరునాడు మరల నిర్మించినపుడు ఖాళీయైన అసలు వచ్చి నింపిన నకలుపై పడును. వ్రాసిన పని సరియే, దాచిన చోటు వేరు. విజువల్ స్టూడియోలో ఆ ఫైలు గుణములలో "ఎల్లప్పుడు నకలు చేయుము" అనుదానిని "క్రొత్తదైనపుడు మాత్రము" అని మార్చినచో ఈ బాధ చాలవరకు తీరును. ఈ ఒక్క మాట తెలియక గడచిన రాత్రులెన్నో!

ఇక అసలు చిక్కు, సభ్యుని దేనితో గుర్తించవలెను? పేరుతో అని ప్రారంభకుడు వెంటనే చెప్పును. తెలుగు కుటుంబములలో తాతపేరు మనుమనికి పెట్టుట వాడుక. ఇంటిపేరు ఒకటి, పేరు ఒకటి, వీధి ఒకటి, పాత రోజులలో ఫోను కూడ ఒకటే. పుస్తకములో ఇద్దరు సభ్యులు, పట్టికలో ఒక్కడే మిగులును. తాత చందా మనుమని ఖాతాలో పడును. పైగా తెలుగువాని ఇంటిపేరు ముందు వచ్చును. ఒడియావాని వంశనామము చివర వచ్చును. ఇంగ్లీషు కాగితములలో తెలుగువాని ఇంటిపేరు ఒక్క పొడియక్షరముగా కుదించుకొనిపోవును, లేదా చివరకు జారును. 'మొదటి పేరు', 'చివరి పేరు' అని రెండు గడులు చేసిన విద్యార్థికి ఏది ఎందు వ్రాయవలెనో సభ్యుడు కూడ నిశ్చయముగా చెప్పలేడు. గడులకు 'ఇంటిపేరు', 'పేరు' అని పెట్టినచో ఈ బాధ లేదు. గుర్తుగా మాత్రము అర్థమేదియు లేని ఒక సంఖ్య నుంచవలెను. ప్రైమరీ కీ అనబడు ఆ సంఖ్య ఒకసారి ఒకరికిచ్చిన పిదప మారరాదు, మరియొకరికి పోరాదు.

ఫోను సంఖ్య సంఖ్యయా, అక్షరమా? బరంపురపు కోడు 0680. దానిని సంఖ్యగా దాచినచో మొదటి సున్న విలువలేనిదని యంత్రము తీసివేసి 680 అని ఉంచును. కూడుట, తీసివేయుట లేనిదేదియు అంకెలలో నున్నను అక్షరముగనే దాచవలెను.

మండలము పేరును ప్రతి వరుసలోను వ్రాయుట మరియొక పొరపాటు. పర్లాకిమిడి 1992 వరకు గంజాంలో నుండెను. ఆ సంవత్సరము అక్టోబరు 2న గజపతి మండలమేర్పడి అది దానికి ముఖ్యపట్టణమైనది. సభ్యుల వరుసలలో మండలము వ్రాసియున్నచో పర్లాకిమిడి సభ్యులందరి వరుసలను దిద్దవలెను, ఒకటి మరచినచో ఒకే ఊరు రెండు మండలములలో నుండును. ఊళ్లకు వేరుగా ఒక పట్టిక చేసి, సభ్యుని వరుసలో ఊరి సంఖ్య మాత్రముంచినచో ఒక్కచోట దిద్దిన చాలును. 2011లో ఒరిస్సా ఒడిషా అయినపుడును ఇట్లే.

పుట్టినతేదీ విషయమున పెద్దల వద్ద ఒక చిక్కు కలదు. "ఆనంద నామ సంవత్సరమున పుట్టితిని" అని చెప్పినవారు 1914లో పుట్టిరా, 1974లో పుట్టిరా? అరువదేండ్ల కొకసారి ఆ పేరే వచ్చును. మనిషి ఎదుట నున్నచో సందేహము లేదు, పాత పుస్తకములో నున్నచో కలదు. తెలియని తేదీ గడిని ఖాళీగా విడువవలెను గాని, యంత్రము ఒప్పుకొనుటకై 1900 జనవరి 1 అని వ్రాయరాదు. పట్టికలోని ఖాళీకి సున్న అని గాని, ఏమియు లేదని గాని అర్థము కాదు, తెలియదని అర్థము. సంవత్సరము పేరును వేరొక శీర్షికలో చెప్పినది చెప్పినట్లు ఉంచుట మేలు.

చిట్టచివరిదైనను నష్టములో మొదటిది లిపి. తెలుగున వ్రాసిన పేరు మరల తెరచి చూచునపుడు ఒకప్పుడు చతురస్రములుగను, ఒకప్పుడు ప్రశ్నార్థకములుగను కనబడును. ప్రారంభకుడు రెండింటిని ఒకటే యనుకొనును. చతురస్రములు కనబడినచో ఆ యంత్రమున తెలుగు ఫాంటు లేదని అర్థము. పేరు సాధారణముగా క్షేమముగనే యున్నది. ప్రశ్నార్థకములైనచో పట్టికలో దాగిన అక్షరసంఖ్యను పరీక్షింపవలెను. అది 63 అయినచో యంత్రము ప్రశ్నార్థకమునే దాచినది. అసలు అక్షరము పోయినది, ఏ ఉపాయముచేతను రాదు. ఇంగ్లీషు అక్షరములకు సరిపడు పాతపద్ధతి శీర్షికలో తెలుగును వ్రాయుటయే ఇందుకు హేతువు. యూనికోడును గ్రహించు శీర్షికను ముందే నిర్ణయింపవలెను, ఎస్.క్యు.ఎల్. సర్వరులో దానిపేరు 'ఎన్‌వర్‌చార్'.

యూనికోడులో తెలుగు 'క'కు 3093, ఒడియా 'క'కు 2837, భేదము 256. హల్లులలో పెక్కింటికి ఇదే భేదము. ఇది చూచి చురుకైన విద్యార్థి తెలుగు పేరునుండి 256 తీసివేసి ఒడియా పేరు పుట్టింపవచ్చునని సంతోషించును. మొదట 'కమల' చక్కగా వచ్చును. 'వెంకటరావు' వద్ద ప్రయత్నము చెడును. తెలుగున హ్రస్వ 'ఎ', 'ఒ'లు కలవు; ఒడియాలో లేవు, కనుక ఆ స్థానములు అక్కడ ఖాళీ. యంత్రము చేసిన లిపిమార్పు సభ్యుని సొంత వ్రాతకు బదులు కాజాలదు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషులకు మూడు శీర్షికలు వేరువేరుగ నుంచి, మూడింటిని ఒకే సభ్యసంఖ్యకు కట్టవలెను. అపుడు ఏ లిపిలో వెదకినను దొరకువాడు ఒక్కడే.

పాత పుస్తకములను కట్టగట్టి అటకపై పెట్టుటకు ముందు పది పేర్లు మాత్రము వ్రాసి, ప్రోగ్రాము మూసి, యంత్రము ఆపి, మరునాడు మరల నిర్మించి తెరచి, పుస్తకముతో పోల్చి చూడవలెను. ఆ పదింటిలో తాతా మనుమలిద్దరు, వెంకటరావు ఒకడు, 0680తో మొదలగు ఫోను ఒకటి, పుట్టినతేదీ తెలియనివారొకరు ఉండునట్లు ఏరుకొనవలెను.