సగం మందు తూటా

మా మేనల్లుడు టెక్సాస్‌లో ఉంటాడు. ఆమధ్య ఒక ఆదివారం ఫోన్ చేసి, "మామా, ఈ వారం తూటాలు నేనే ఇంట్లో చేసుకున్నా" అన్నాడు. నేను బలసముద్రంలో ఇంటి అరుగు మీద కూర్చుని వింటున్నా. మా పావగడ తాలూకాలో ఎవరన్నా ఆ మాట అంటే ముందు గుర్తొచ్చేది పోలీసు స్టేషనే. నా గొంతు మారడం గమనించాడేమో, "భయపడొద్దు మామా, ఇక్కడ సొంత వాడకానికి చేసుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. అమ్మితేనే కావాలి. పైగా నేను చేసింది మెత్తటి తూటాలు" అన్నాడు.

తూటాలో మెత్తటిదేమిటని అడిగాను. తుపాకీమందు తగ్గించి నింపినదని వాడు ఓపిగ్గా చెప్పాడు, నేనూ కొంత చదివాను. అది తెలుసుకునే కొద్దీ ఒక సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది: మందు తగ్గిస్తే ప్రమాదమూ అంతే తగ్గుతుందని మనం అనుకుంటాం, కానీ అది నిజం కాదు.

ముందు తుపాకీ సంగతి చూద్దాం. 1971లో కృష్ణ హీరోగా కె.ఎస్.ఆర్. దాస్ తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' వచ్చాక మన ఊళ్లలో కౌబాయ్ అంటే తెలియనివాళ్లు లేరు. ఆ కౌబాయ్‌ల కాలపు అమెరికాలో పుట్టిందే లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి తోసి మళ్లీ పైకి లాగితే, పేలిన తూటా గుల్ల బయటికి ఎగిరిపోతుంది, కొత్త తూటా గొట్టంలోకి ఎక్కుతుంది. 1873లో విన్‌చెస్టర్ కంపెనీ తెచ్చిన మోడల్, ఆ తర్వాత జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన 1894 మోడల్ చాలా పేరు తెచ్చుకున్నాయి. రెండోది డెబ్భై లక్షలకు పైగా తయారైంది. మావాడు కొన్నది ఆ రకానిదే, వాడికంటే వయసులో చాలా పెద్దది.

తూటాలో నాలుగు వస్తువులుంటాయి. ఇత్తడి గుల్ల, దాని అడుగున దెబ్బ తగిలితే నిప్పు రవ్వ పుట్టించే చిన్న ప్రైమర్, లోపల మందు, మూతిలో బిగించిన గుండు. పేలాక మందు కాలిపోతుంది, గుండు వెళ్లిపోతుంది, ప్రైమర్ పని అయిపోతుంది. ఖరీదైన ఇత్తడి గుల్ల మాత్రం చేతిలో మిగులుతుంది. దాన్ని పారేయకుండా మళ్లీ నింపుకోవడమే ఈ ఇంటి పని. ఇది కొత్తగా పుట్టిన సరదా కాదు. దగ్గర్లో దుకాణం లేని వేటగాళ్లకు పందొమ్మిదో శతాబ్దంలోనే ఇది అవసరమైంది. 1884లో జాన్ బార్లో మొదలుపెట్టిన ఐడియల్ అనే కంపెనీ, పటకారు లాంటి చిన్న పనిముట్టుతో ఈ పని మొత్తం జరిగేలా చేసింది.

ఇక మెత్తదనం ఎందుకు? మావాడి రైఫిల్ వాడే తూటాను థర్టీ థర్టీ అంటారు, 1895 నాటిది. దుకాణంలో దొరికే మామూలు తూటాలో సుమారు 11 గ్రాముల గుండు సెకనుకు దాదాపు 670 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. జింకను కొట్టడానికి అది కావాలి. అట్టముక్క మీద గురి నేర్చుకునేవాడికి అంత ఎందుకు? ప్రతి దెబ్బకూ భుజం మీద తన్ను, చెవులు గింగిరాలెత్తే చప్పుడు. ఇరవై తూటాలు కాల్చేసరికి మనిషి తన్నుకు జడిసి, ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూయడం అలవాటు చేసుకుంటాడు. ఆ అలవాటు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడం మహా కష్టం. మెత్తటి తూటా పాత తుపాకీకీ మేలే, అరుగుదల తగ్గుతుంది.

అదే గుండును సెకనుకు 400 మీటర్లకు దించితే ఏమవుతుందో లెక్క కట్టి చూడండి. వేగం నలభై శాతం తగ్గింది. కానీ గుండులోని శక్తి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి మూడో వంతుకు కాస్త పైన మాత్రమే మిగులుతుంది. పదేళ్ల పిల్లకు నేర్పేటప్పుడైనా, భుజం నొప్పి ఉన్న ముసలాయన కాల్చేటప్పుడైనా ఈ తేడా చాలా పెద్దది. అలాగని ఆ మిగిలిన శక్తి తక్కువది కాదు. మనిషి ప్రాణం తీయడానికి అది కావలసినదానికంటే ఎక్కువే. మెత్తదనం కాల్చేవాడి భుజానికి మాత్రమే, ఎదుట ఉన్నవాడికి కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. పాతకాలపు నల్ల తుపాకీమందు చాలా చోటు తీసుకునేది, గుల్ల నిండా పోసేవారు. తర్వాత వచ్చిన పొగరాని మందు అంతకంటే తక్కువే చాలు. మెత్తటి తూటాకు వాడే మందు ఇంకా కొంచెం, గుల్లలో చాలా భాగం ఖాళీ. సగం నింపిన చెనిక్కాయల బస్తాను పడుకోబెడితే కాయలన్నీ ఒక మూలకు జారతాయే, అలాగే ఈ మందు కూడా గుల్లలో అటూ ఇటూ జారుతుంది. ప్రైమర్ వైపు జారితే ఒక రకంగా కాలుతుంది, గుండు వైపు జారితే మరో రకంగా కాలుతుంది. ఒకే పెట్టెలోని రెండు తూటాలు రెండు వేగాలతో పోతాయి.

అదింకా చిన్న చిక్కే. గుల్ల అంత ఖాళీగా ఉండడం వల్ల పొరపాటున రెండోసారి మందు పోసినా పొంగి బయటికి రాదు, పోసినవాడికి తెలియను కూడా తెలియదు. ఫోన్ మోగింది, పక్కకు తిరిగి మాట్లాడాడు, మళ్లీ వచ్చి అదే గుల్లలో పోశాడు. మెత్తగా ఉండాల్సిన తూటా గొట్టాన్ని చీల్చే తూటా అయిపోయింది. నన్నడిగితే ఈ పనిలో అన్నిటికంటే భయపడాల్సింది దీనికే. అందుకే అనుభవజ్ఞులు గుల్లలన్నీ చెక్క దిమ్మెలో వరసగా నిలబెట్టి, గుండు బిగించే ముందు టార్చిలైటు వేసి ఒక్కొక్క దాంట్లోకీ చూస్తారు. రెండోసారి పోస్తే గుల్ల పొంగిపోయేంత గుల్లబారిన మందునే ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. మావాడు ఆ పనికి కూర్చుంటే ఫోన్ పక్క గదిలో పెడతాడు.

ఇంకో చిక్కు దీనికి సరిగ్గా తలకిందులు. మందు మరీ తగ్గితే, లేదా అసలు పోయడమే మరిస్తే, గుండు గొట్టంలో సగం దూరం వెళ్లి ఇరుక్కుంటుంది. ఠపీమని చిన్న చప్పుడు, భుజానికి తన్ను ఉండదు. తుస్సుమందని నవ్వుకుని, లీవర్ ఆడించి ఇంకోటి కాల్చాడా, ముందు గుండు వెనక గుండుకు అడ్డం పడి గొట్టం పగలవచ్చు. బావి తవ్వేటప్పుడు బండకు బెజ్జం కొట్టి, మందు కూరి, మట్టితో బిరడా బిగించి పేల్చడం మా వైపు అందరూ చూసినదే. బిగించిన మందే బండను చీలుస్తుంది. గొట్టంలో ఇరుక్కున్న గుండు కూడా అలాంటి బిరడానే. కాబట్టి చప్పుడు తేడాగా వస్తే ఆగాలి, తుపాకీ ఖాళీ చేయాలి, గొట్టంలోంచి వెలుతురు కనిపిస్తోందో లేదో చూడాలి.

మరొకటి, నెమ్మదిగా కాలే మందును మరీ తగ్గించి వాడినప్పుడు ఒత్తిడి పడిపోవలసింది పోయి ఒక్కోసారి ఎగసిన సందర్భాలు ఉన్నాయి. ఎందుకు అన్నదాని మీద నిపుణుల్లోనే వాదాలున్నాయి. మందు తయారుచేసే కంపెనీలు తమ పుస్తకాల్లో ఎక్కువలో ఎక్కువ ఇంత అన్నట్టే, కొన్ని మందులకు ఇంతకంటే తగ్గించొద్దని రాసేది అందుకే. ఆ పుస్తకాలు పరీక్షించి రాసినవి. అందులో లేని కొలతను సొంత తెలివితో కనిపెట్టకూడదు. ఈ వ్యాసంలో ఒక్క మందు కొలత కూడా ఇవ్వకపోవడానికి కారణం కూడా అదే.

గుండు సంగతి క్లుప్తంగా చెబుతాను. మెత్తటి తూటాలకు సీసంలో తగరం, ఆంటిమొనీ కలిపి పోతపోసిన గుండు వాడతారు. సీసం ఒంట్లోకి పోతే విషం, పిల్లలకు మరీను, అందుకని చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టకూడదు. లీవర్ రైఫిల్లో తూటాలు గొట్టం కింది పొడుగాటి నాళికలో ఒకదాని వెనక ఒకటి ఉంటాయి, వెనక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు ఆనుతుంది. మొన గట్టిగా, సూదిగా ఉంటే కుదుపుకు అది లోపలే పేలవచ్చు. అందుకే ఈ తుపాకుల గుండుకు మొన చదునుగా ఉంటుంది.

ఇదంతా విన్నాక నాకు మా వైపు మందు కూరే తుపాకులే గుర్తొచ్చాయి. వాటిలో ప్రతి దెబ్బా చేత్తో నింపిందే. మందు కొలవడం, గుడ్డ బిరడా, సీసం గుళ్ళు, చివర నిప్పు రవ్వ కోసం క్యాప్. పందిని బెదరగొట్టడానికి గుళ్ళు వేయకుండా మందు, బిరడా మాత్రమే కూరి పేలిస్తే అదీ ఒక మెత్తటి తూటానే.

కానీ మన దేశంలో చట్టం వేరు. 1959 నాటి ఆయుధ చట్టం పంట కాపలాకు మందు కూరే తుపాకీకి, క్లబ్బు సభ్యుల గురి సాధనకు పాయింట్ ఇరవై రెండు బోరు రైఫిలుకు, ఎయిర్ రైఫిలుకు లైసెన్సు ఇచ్చే దారి 13వ సెక్షన్లో పెట్టింది. తూటాల తయారీ వేరే లైసెన్సు ఉన్నవాళ్ల పని. తూటా భాగాలను, వాటిని చేసే యంత్రాలను కూడా చట్టం మందుగుండు కిందే లెక్కిస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి శిక్ష కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు. టెక్సాస్‌లో మావాడి ఆదివారం సరదా ఇక్కడ జైలు. వీడియోలు చూసి ఇక్కడ ఎవరన్నా ఆ పనిముట్లు తెప్పించుకోవాలనుకుంటే ఈ ముక్క ముందే తెలియాలి.

మనకు మెత్తటి సాధన కావాలంటే ఆ పాయింట్ ఇరవై రెండు, ఎయిర్ రైఫిల్ ఉన్నాయి. తన్ను లేనట్టే, నింపే పని లేదు. హైదరాబాద్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తోనే.

మొన్న మావాడు మళ్లీ ఫోన్ చేశాడు. "యాభై కాల్చాను మామా, ఒకదాని చప్పుడు చిన్నగా వచ్చింది" అన్నాడు. ఏం చేశావురా అన్నాను. "దించి, ఖాళీ చేసి, గొట్టంలోకి చూశా. వెలుతురు కనిపించింది. అయినా మిగిలిన తూటాలు కాల్చకుండా ఇంటికి తెచ్చేశా, ఒక్కొక్కటీ విప్పి చూస్తా" అన్నాడు.