అంధులకు కంప్యూటర్ చదివి పెట్టే ‘ఉచిత గొంతు’

ఉత్తరం వస్తే చదివి పెట్టమని ఇంకొకరిని బతిమాలుకోవడం చదువురాని వారికి అనుభవమే. చదువుకుని కూడా ఆ అవస్థ తప్పనివారు అంధులు. ఖాతాలో డబ్బు ఎంత ఉందో తెలుసుకోవాలన్నా, ఉద్యోగానికి దరఖాస్తు నింపాలన్నా పక్కవారి కళ్లే దిక్కు. సొంత గుట్టు అనేది వారికి మిగలదు.

ఈ అవస్థకు మందు కనిపెట్టినవారు కూడా అంధులే. ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్, జేమ్స్ టే చిన్ననాడు అంధ బాలల సంగీత శిబిరంలో స్నేహితులయ్యారు. కంప్యూటర్ తెరపై ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అప్పటికే అమ్మకంలో ఉంది. కాని దాని వెల చాలాచోట్ల కంప్యూటర్ వెలను మించిపోయేది. 2006లో కరన్ తానే అటువంటిది తయారు చేయ పూనుకున్నాడు. టే తోడయ్యాడు. దాని పేరు ఎన్‌వీడీఏ. 2007లో ఎన్‌వీ యాక్సెస్ అనే లాభాపేక్ష లేని సంస్థను స్థాపించారు.

పనిచేసే తీరు

ఇది విండోస్ కంప్యూటర్లలో పనిచేస్తుంది. పైసా ఖర్చు లేదు. మౌస్‌తో పని లేకుండా మీటలు నొక్కుతూ పోతే ఎక్కడ ఏముందో చెబుతుంది. గొంతునిచ్చే వాటిలో ఒకటి ‘ఈ-స్పీక్’ అనే మరో ఉచిత సాఫ్ట్‌వేర్. అందులో తెలుగు కూడా ఉంది. యంత్రపు గొంతు గనుక మొదట కటువుగా ఉన్నా, వినగా వినగా అలవాటవుతుంది. లినక్స్ కంప్యూటర్లకు ‘ఓర్కా’ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. అదీ ఉచితమే.

వీటి తయారీలో దాపరికం లేదు. తెలిసినవారెవరైనా లోపలి రాత చూసి తప్పు దిద్దవచ్చు, తమ భాష చేర్చవచ్చు. అందువల్లనే ఎన్‌వీడీఏ 50కి పైగా భాషల్లోకి వెళ్లింది.

అసలు చిక్కు

అయితే చదివేది సిద్ధంగా ఉన్నా, చదవడానికి వీలుగా రాయకపోతే ప్రయోజనం సున్న. కాగితాన్ని ఫొటో తీసి పెడితే అందులో ఉండేది బొమ్మే గాని అక్షరాలు కావు. పాత తెలుగు ఫాంట్లతో టైపు చేసినప్పుడు తెరపై ‘రైతు’ అని కనిపించినా, లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. అంధుడి చెవిన పడేది అర్థంలేని గోల. యూనికోడ్‌లో టైపు చేస్తే ఈ బాధ ఉండదు. అలాగే తెరపై మీటకు పేరు పెట్టకపోతే ‘బటన్, బటన్’ అని మాత్రమే వినిపిస్తుంది. ఏది నొక్కితే డబ్బు పోతుందో, ఏది నొక్కితే వస్తుందో ఎలా తెలియాలి?

సమాచారం వికలాంగులకు అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చర్యలు తీసుకోవాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెబుతోంది. ఇందుకు కోట్లు అక్కరలేదు. కార్యాలయంలో టైపు చేసేవారు ఫాంటు మార్చితే, ఫొటోకు బదులు అక్షరాలు పెడితే సగం పని అయినట్లే.

చూపులేని ఇద్దరు యువకులు తమ వంతు చేసి చూపారు. ఇక చూపున్నవారి వంతు మిగిలింది.