కొత్త పెట్టె ఎందుకు పలకదు?

తడ అనే ఊరు ఆంధ్రదేశానికి దక్షిణపు అంచున ఉన్నది. ఊరికి తూర్పున పులికాట్ సరస్సు. మద్రాసు పోయే రోడ్డూ, రైలుమార్గమూ ఊరి మీదుగానే పోతాయి. ఒకప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ఊరు 2022లో తిరుపతి జిల్లాలో చేరింది.

1983లో ఆ ఊళ్ళో మా పెదనాయన టెలివిజన్ కొన్నాడు. రెండు పంటల మీద మిగిలిన డబ్బు కూడబెట్టి, మద్రాసు పోయి, పెట్టెను పసిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని రైల్లో తెచ్చాడు. ఆ రోజు శుక్రవారం. శుక్రవారం రాత్రి మద్రాసు స్టేషన్ నుంచి ‘ఒలియుమ్ ఒలియుమ్’ అనే సినిమా పాటల కార్యక్రమం వచ్చేది. పొద్దుగూకేసరికి వీధి వీధంతా మా వసారాలో చేరింది. పెద్దమ్మ పెట్టెకు పసుపు కుంకుమ పెట్టింది. పెదనాయన మీట నొక్కాడు.

పాటలు రాలేదు. తెర నిండా తెల్ల చీమలు, నల్ల చీమలు! దోసెపెనం మీద నీళ్ళు చల్లినట్టు ‘స్స్’ మని ఒకటే చప్పుడు.

నన్ను మేడ ఎక్కించారు. అక్కడ వెదురుబొంగుకు కట్టిన యాంటెన్నా ఉన్నది. పెద్ద చేపముల్లులాగా ఉండేది. నేను దాన్ని తిప్పాలి. గడపలో అక్క నిలబడి చెప్పాలి. లోపల పెదనాయన తెర చూడాలి.

‘‘వచ్చిందా?’’

‘‘వచ్చె... వచ్చె... పోయింది!’’

ఒక చిత్రం ఏమిటంటే, నేను ముల్లును పట్టుకుంటే బొమ్మ కాస్త కనిపించేది, వదిలేస్తే మాయమయ్యేది. మనిషి ఒంట్లో ఉప్పునీరు ఉంటుంది గనక విద్యుత్ తరంగాలు ఒంటి మీద కూడా పనిచేస్తాయి. నేను కూడా ఆ యాంటెన్నాలో ఒక ముక్కనై పోయానన్నమాట. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. ‘‘వాణ్ణి అక్కడే పట్టుకోనుండమను’’ అన్నాడు పెదనాయన. పాటలన్నీ అయ్యేదాకా నేను మేడ మీదనే ఉన్నాను. ఒక్క పాటా చూడలేదు.

మూడు రోజులు ఇదే వరస. ‘‘అంగడివాడు చెడిపోయింది అంటగట్టినాడు’’ అన్నారు ఇరుగుపొరుగువాళ్ళు. పెదనాయన అన్నం సరిగా తినలేదు. నాలుగోనాడు పెట్టెను తిరిగి అట్టపెట్టెలో పెట్టి తాడు కట్టాడు. మద్రాసు బండి ఎక్కబోయే ముందు, ఎందుకైనా మంచిదని, సూళ్ళూరుపేటలో రేడియోలు బాగుచేసే ఒకాయన్ను పిలుచుకొచ్చాడు.

ఆయన పెట్టె వంక చూడనే లేదు. నేరుగా మేడ ఎక్కి, ‘‘దీన్ని వెనకా ముందూ చేసి కట్టినారే!’’ అన్నాడు.

ఈ చేపముల్లును 1926లో జపానులో ఉదా, యాగీ అనే శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. ఇందులో తీగ తగిలించే కడ్డీ ఒక్కటే. దానికి వెనక ఉండే పొడుగు కడ్డీ అద్దంలాగా తరంగాలను వెనక్కు కొడుతుంది. ముందు ఉండే పొట్టి కడ్డీలు వాటిని పోగుచేసి తెస్తాయి. కాబట్టి పొట్టి కడ్డీలు స్టేషన్ వైపు చూడాలి. మావి నెల్లూరు వైపు చూస్తున్నవి! మద్రాసు స్టేషన్ 1975 ఆగస్టు 15న ఆరంభమైంది. అది తడకు 60 కిలోమీటర్లకు పైగా దూరం. ఆ తరంగాలు ఇంచుమించు తిన్నగా పోతాయి, భూమి గుండ్రంగా ఉన్నది. అంతదూరం వచ్చేసరికి బలం ఉడిగిపోతుంది. అట్లాంటి తరంగాలకు వీపు చూపిస్తే ఎట్లా వస్తాయి?

పెట్టెలో ఏ లోపమూ లేదు. పాపం, అంగడివాడు మూడు రోజులు ఊరికే తిట్లు తిన్నాడు.

ఆ చీమల గురించి మరొక సంగతి చెప్పాలి. 1964లో అమెరికాలో పెన్జియాస్, విల్సన్ అనే ఇద్దరికి మా పెదనాయనకు వచ్చిన కష్టమే వచ్చింది. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను కొలవటానికి వాళ్ళ దగ్గర పెద్ద కొమ్ముబూరా వంటి యాంటెన్నా ఉండేది. దాన్ని ఎటు తిప్పినా సన్నని రొద వినబడేది. అతుకులన్నీ బిగించారు. లోపల పావురాలు కాపురం పెట్టి ఉంటే వాటిని వెళ్ళగొట్టి రెట్ట అంతా కడిగారు. రొద పోలేదు. చివరకు తేలిందేమంటే, అది యంత్రంలోని లోపం కాదు. విశ్వం పుట్టిన కొత్తలో వెలువడిన వేడి చల్లారి, ఇంకా ఆకాశమంతా నిండి ఉన్నది. అందుకు వారికి 1978లో నోబెల్ బహుమతి వచ్చింది. మా తెర మీది చీమలలోనూ కొద్ది భాగం ఆ పురాతనమైన వేడివే. వీధి వాళ్ళంతా విశ్వం పుట్టుకను చూస్తూ అంగడివాణ్ణి తిట్టారన్నమాట!

ఇప్పుడు తడకు దగ్గరలోనే శ్రీసిటీ ఉన్నది. 2015లో అక్కడి ఫాక్స్‌కాన్ కర్మాగారంలో షియోమీ ఫోన్లు తయారయ్యాయి. ఈ కాలపు ఫోన్లకూ టెలివిజన్లకూ మేడ ఎక్కే పని లేదు. కాని కొత్తది విప్పగానే ‘అప్‌డేట్’ కావాలంటుంది. కర్మాగారంలో దానికి ఒక ప్రోగ్రాము, అంటే ఏది ఎట్లా చేయాలో చెప్పే ఆజ్ఞల పట్టిక, ఎక్కిస్తారు. తరువాత అది నెలల తరబడి గోదాములో ఉంటుంది. ఆలోగా ఆ ఆజ్ఞలలో తప్పులు బయటపడుతాయి. అచ్చయిన పుస్తకంలో తప్పొప్పుల పట్టిక అంటించినట్టు, ఆ దిద్దుబాట్లను ఇంటర్నెట్ ద్వారా పంపుతారు. అవి ఎక్కుతుండగా కరెంటు తీయకూడదు. పాత ఆజ్ఞలు సగం చెరిగి, కొత్తవి సగమే ఎక్కి, యంత్రం ఎటూ కాకుండా పోవచ్చు.

నా మట్టుకు నాకు ఇది కొంత అన్యాయంగానే తోస్తుంది. యాంటెన్నాను ఎటు తిప్పాలో ఇంట్లో ఉన్నవాడికే తెలుస్తుంది. ఆ పని మనదే. ఆజ్ఞలలో తప్పు దిద్దటం తయారుచేసినవాడి పని. డబ్బు ఇచ్చినవాడు ఎందుకు కాచుకుని కూర్చోవాలి? ఇక మాడిన వాసన వచ్చినా, దీపమే వెలగకపోయినా ప్లగ్గు తీసెయ్యటం తప్ప మనం చేయవలసింది ఏమీ లేదు. వెనక మూత విప్పరాదు. పాత టెలివిజన్లలో మీట ఆపిన తరువాత కూడా వేల వోల్టులు నిలిచి ఉండేవి. రసీదు తీసుకుని అంగడికే పోవాలి. అక్కడ వినకపోతే 1915 అనే నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. కొన్నవారి రక్షణకు 1986లో ఒక చట్టం చేశారు. దాని స్థానంలో 2019లో మరొక చట్టం చేశారు.

కిందటి సంక్రాంతికి పెద్దమ్మ ఇంట్లోకి గోడకు తగిలించే కొత్త టెలివిజన్ వచ్చింది. మీట నొక్కితే తెర మీద ఒక చక్రం తిరగసాగింది. పది నిమిషాలైనా తిరుగుతూనే ఉన్నది. మనవడు వంగి వంగి చూస్తున్నాడు.

పెద్దమ్మ నా వంక చూసి, ‘‘నువ్వు మేడెక్కి రా నాయనా’’ అన్నది.