ఖుర్బానీ తోలు చెత్తకుండీ పాలేనా?

ఈదుల్ అజ్‌హా నమాజు ముగిసి, ఖుర్బానీ మాంసం బంధువులకు, బీదలకు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. అప్పటికి మిగిలేది తోలు. ఒకప్పుడు దానికోసం మదర్సాల వాళ్ళు రసీదు పుస్తకాలతో ఇంటింటికీ తిరిగేవారు. తోళ్ళు అమ్మగా వచ్చిన సొమ్ము బీద విద్యార్థుల భోజనానికి ఆసరాగా ఉండేది. గత పదేళ్ళుగా ఆ ధర బాగా పడిపోయింది. కృత్రిమ తోలు వస్తువులు పెరిగాయి, ఎగుమతులు మందగించాయి. ఇప్పుడు గొర్రె తోలు ఉచితంగా ఇస్తామన్నా తీసుకునేవారు తగ్గారు.

ధర లేనప్పుడు మదనపల్లె మార్కెట్‌కు తెచ్చిన టమోటాలను రైతులు రోడ్డు పక్కన పారబోసి పోవడం మనకు తెలిసిందే. తోలుకూ అదే గతి పడుతోంది. అయితే టమోటా నాలుగు రోజుల్లో మట్టిలో కలుస్తుంది. తోలు కాలువకు అడ్డం పడుతుంది, కుక్కలు ఈడుస్తాయి. పండుగ మనది, కంపు మాత్రం ఇరుగుపొరుగు అందరిదీ.

హజ్రత్ మైమూనా (రజి) ఇంటి సేవకురాలికి దానంగా వచ్చిన గొర్రె ఒకటి చనిపోయింది. అటుగా వెళుతున్న దైవప్రవక్త (స) దాన్ని చూసి, తోలు తీసి పదును చేసి ఎందుకు వాడుకోలేదని అడిగారు. అది చచ్చిన గొర్రె కదా అన్నారు వాళ్ళు. తినడమే నిషిద్ధమని ఆయన బదులిచ్చారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న సంఘటన ఇది. చచ్చిన గొర్రె తోలునే వృథా పోనివ్వని ప్రవక్త అనుయాయులం, అల్లాహ్ పేర జిబహ్ చేసిన దాని తోలును కుండీలో వేయడమేమిటి? తోలును కసాయికి కూలి కింద ఇవ్వడమూ కుదరదు. హజ్రత్ అలీ (రజి)కి ప్రవక్త ఇచ్చిన ఆదేశం అదే. కూలి విడిగా ఇవ్వాలి, తోలు దానంగా పోవాలి.

ప్రభుత్వాల మాటా చూద్దాం. 2016 ఘన వ్యర్థాల నిబంధనలు తడి, పొడి చెత్తను ఇంట్లోనే వేరు చేయమన్నాయి. మన రాష్ట్రంలో 2021లో వచ్చిన చెత్త పన్నును 2024లో రద్దు చేశారు. పన్ను పోయింది, చెత్త పోలేదు! వ్యర్థం పుట్టకుండా చూడడం, పుట్టినదాన్ని మళ్ళీ సరుకుగా మార్చడం అని ఇప్పుడు అధికారులు చెబుతున్నది మన మదర్సాలు రసీదు పుస్తకంతో ఎన్నడో చేసిన పనే.

తోలుకు దారి దగ్గరలోనే ఉంది. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట దాటితే వాణియంబాడి, ఆంబూరు. అక్కడి టానరీలు పేరుమోసినవి. పాలారును పాడుచేసినందుకూ పేరుమోసినవే. 1996లో సుప్రీంకోర్టు వాటి విషయంలో, కాలుష్యం చేసినవాడే నష్టం భరించాలని తీర్పు చెప్పింది. ఆ పాలారు కుప్పం ప్రాంతం గుండానే తమిళనాడుకు పోతుంది. కనుక మురుగునీటిని శుద్ధి చేసే టానరీకే తోళ్ళు చేరుతున్నాయా అని వ్యాపారిని అడగడం మన హక్కు.

ఒక్కో మసీదు ఇరవై ముప్ఫై తోళ్ళతో బేరానికి పోతే ఎవరూ పలకరు. మదనపల్లెలో బయల్దేరిన లారీ పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం చేరుతుంది. దారిలోని మసీదు కమిటీలు కలిసి ఒకే లారీ మాట్లాడుకుంటే బాడుగ పంచుకోవచ్చు, బేరమూ గట్టిగా ఆడవచ్చు. మునిసిపాలిటీకి ముందే తెలియజేసి తోళ్ళు చేర్చే చోటు అడగాలి.

తోలు కత్తిగాట్లు పడకుండా తీయాలి. గాటు పడితే సగం ధర పోయినట్టే. రక్తం, కొవ్వు తుడిచి, రెండు మూడు గంటల్లో మాంసం వైపు అంతటా కల్లుప్పు రుద్ది, నీడలో పరచాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే ఉడికి వెంట్రుకలు ఊడతాయి. తోలు బరువులో మూడో వంతుకు తగ్గకుండా ఉప్పు పడుతుంది. ఆ బస్తాలు పండుగకు వారం ముందే మసీదుకు తెచ్చి పెట్టుకోవాలి.