నీ క్రింద పనిచేయువారితో ఎలా మాట్లాడుచున్నావు?

ఈ దినమున ఒక చిన్న ప్రశ్నతో ప్రారంభిద్దాం. నీ క్రింద ఎవరైనా పనిచేస్తున్నారా? "నేనేమీ పెద్ద అధికారిని కాను అయ్యగారూ" అనవద్దు. పదిమందిని పనికి తీసుకొనిపోయే గుంపు మేస్త్రీ కూడా అధికారియే. మగ్గాల యజమాని, ప్రధానోపాధ్యాయురాలు, వార్డులో హెడ్ నర్సు, అందరూ అంతే. 2016 అక్టోబరులో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లా కేంద్రాలైనవి. 2022లో వనపర్తిలోను, నాగర్‌కర్నూల్‌లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనవి. మన సంఘాల బిడ్డలు బాధ్యతగల కుర్చీలలో కూర్చుంటున్నారు. కుర్చీ వచ్చినంత త్వరగా మాటతీరు రాదు.

నా తప్పు ఒకటి ఒప్పుకుంటాను. కొన్ని సంవత్సరాల క్రితం వనపర్తి దగ్గర ఒక పల్లెలో మందిరం కట్టుచుండగా పని చూచుకునే బాధ్యత నాది. ఒక ఉదయం ఆలస్యంగా వచ్చిన యౌవనస్థుణ్ణి అందరి ముందు గద్దించాను. ఎందుకు ఆలస్యమైందని అడగనేలేదు. మరుసటి దినమున స్లాబు వేస్తుండగా, సెంట్రింగ్ క్రింది కర్ర ఒకటి జారడం అతడు చూశాడు. నోరు తెరవలేదు. స్లాబు ఒక మూల క్రుంగింది. పగులగొట్టి మరల పోయవలసి వచ్చింది. ఎవరికీ దెబ్బ తగలలేదు, దేవునికి స్తోత్రం. "చూశావు గదా తమ్మీ, ఎందుకు చెప్పలేదు?" అన్నాను. "చెప్తే మళ్ల నన్నే తిడతరనుకున్న అయ్యగారూ" అన్నాడు. ముందటి రాత్రంతా ఆసుపత్రిలో తల్లి దగ్గర ఉన్నాడని కూడా అప్పుడే తెలిసింది.

ఆ దినమున ఒకటి గ్రహించాను. భయపెట్టే అధికారికి మంచి వార్తలే అందుతాయి, నిజం అందదు.

రూతు గ్రంథము రెండవ అధ్యాయములో బోయజును చూడండి. పొలానికి రాగానే పని లెక్క అడగలేదు. కోత కోయువారికి తానే ముందుగా దీవెన పలికాడు, వారును అతనిని దీవించారు. క్రొత్తగా కనబడిన రూతును గూర్చి తనకు తాను ఏదో ఊహించుకొనలేదు. పనివారిమీద ఉన్నవానిని అడిగి తెలుసుకున్నాడు. ఆమెను అవమానపరచవద్దని పనివారికి స్పష్టంగా చెప్పాడు. పలకరింపు, విచారణ, మర్యాద: ఈ మూడూ అతని నోట ఉన్నవి.

మరి మనమేమి చేయాలి? ఉదయమే పేరుపెట్టి పలకరించండి. తప్పు కనబడితే మొదట కారణం అడగండి, ఎదుటివాడు చెప్పడం ముగించేవరకు ఆగండి. మెప్పు నలుగురిలో చెప్పండి, దిద్దుబాటు ఒంటరిగా పిలిచి చెప్పండి. తప్పును మాత్రం దాచవద్దు. అయితే పనిని గూర్చి మాట్లాడండి, మనిషిని గూర్చి కాదు. "నీవు దేనికీ పనికిరావు" అంటే అతడు క్రుంగిపోతాడు. "ఈ లెక్క తప్పింది, ఎక్కడ తప్పిందో కలిసి చూద్దాం" అంటే నేర్చుకుంటాడు. పని అప్పగించిన తరువాత "అర్థమైందా?" అని ఊరుకోవద్దు. ఆ మాటకు అందరూ తల ఊపుతారు. "ఇప్పుడేం చేయబోతున్నావో చెప్పమ్మా" అని అడగండి. వినబడినదేదో, వినబడనిదేదో అప్పుడు తెలుస్తుంది.

గద్వాల చీర మీకు తెలిసినదే. చీర నూలు, అంచు పట్టు. రెండూ కలిసేచోట నేతగాడు పోగును పోగుతో కలిపి నేస్తాడు. ఆ కలయిక వదులైతే పట్టు ఎంత విలువైనదైనా చీర నిలువదు. యజమానికీ పనివానికీ మధ్య ఆ కలయిక మాటయే.

అందరి ముందు గద్దించాను గనుక, అందరి ముందే ఆ తమ్ముణ్ణి క్షమాపణ అడిగాను. అది సులువు కాలేదు. కాని మందిరం పూర్తయ్యేవరకు, ఏ లోపమున్నా మొదట నా దగ్గరకు వచ్చి చెప్పినవాడు అతడే.

ప్రియ చదువరీ, నీ క్రింద పనిచేసేవారిలో నీకు భయపడి మౌనంగా ఉన్నవారెవరు? రేపు ఉదయం మొదట వారినే పలకరించు. ప్రభువు నీ నోటికి కాపు ఉంచును గాక. ఆమేన్.