ఆంగ్లోపసర్గలు: రూపసామ్యము, జన్మభేదము

ఆంగ్లభాష నేర్చు బాలురకు పాఠశాలలలో నుపసర్గల పట్టిక యొకటి యొసంగుట వాడుక. అందు 'ఇన్' అనఁగా 'కాదు, లేదు' అని యుండును. 'జస్టిస్' న్యాయము, 'ఇన్‌జస్టిస్' అన్యాయము. 'కరెక్ట్' ఒప్పు, 'ఇన్‌కరెక్ట్' తప్పు. ఈ నియమమును నమ్మినవాఁడు నూనెడబ్బాపై 'ఇన్‌ఫ్లేమబుల్' అను మాట చదివి, అది మండనిదని తలఁచినచో తప్పు వానిది గాదు, పట్టికది. ఆ మాటకు శీఘ్రముగా మండునదని యర్థము. అమెరికాలోని 'నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్' అను సంఘము 1920 దశకమున నీ భ్రాంతివలని యపాయమును గుర్తించి, 'ఇన్' తొలఁగించి 'ఫ్లేమబుల్' అనియే వాడవలెనని ప్రబోధించెను. ఉపసర్గయొక్క పుట్టుక నెఱుఁగకుండుట పండితచర్చకే గాక లోకవ్యవహారమునకును చిక్కు తెచ్చుననుట కిది నిదర్శనము.

పాణినీయమున ప్రాదులు క్రియాయోగమందే యుపసర్గలనఁబడును. సంప్రదాయగణన ననుసరించి యవి 22. నిషేధార్థకమగు నఞ్ వానిలోఁ జేరదు. అది వేఱొక నిపాతము, సుబంతముతో సమసించి తత్పురుషమగును. ఆంగ్లవైయాకరణు లీ భేదమును పాటింపక, పదమునకు ముందు చేరు నంశముల నన్నింటిని నొక్క పేరనే వ్యవహరింతురు. ఇచ్చట నుపసర్గశబ్దము ఆ విశాలార్థముననే గ్రహింపఁదగును.

ఆంగ్లోపసర్గలు ముఖ్యముగా మూఁడు తెగలవి. 'అన్', 'ఫోర్', 'ఓవర్', 'అవుట్', 'విత్' మొదలగునవి ప్రాచీనాంగ్లమునుండి వచ్చిన దేశ్యములు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప ఫ్రెంచిభాషాద్వారమునను, అనంతరము విద్వాంసుల గ్రంథములవలన సూటిగాను లాటిను ఉపసర్గలు చేరినవి. 'ఇన్', 'రీ', 'సబ్', 'కాన్' ఇట్టివి. 'ఆంటి', 'హైపర్', 'పెరి' అను గ్రీకుమాటలు శాస్త్రపరిభాషలో మెండు. ఈ తెగలు కలియుటవలన భిన్నజన్మములైన యుపసర్గలు ఏకరూపమును దాల్చుట తఱచు. 'డిస్‌ఆర్డర్' లోని 'డిస్' లాటినునది, వియోగమును దెలుపును. 'డిస్‌పెప్సియా' లోనిది గ్రీకునది, కష్టమును, చెఱుపును దెలుపును. ఈ రెండవదియే సంస్కృతమందలి దుస్సునకుఁ దోఁబుట్టువు.

లాటిను 'ఇన్'లును రెండు. మొదటిది నిషేధార్థకము. మూలభాషలో నచ్చువలె నుచ్చరింపఁబడిన నకారము దీనికి మూలమని భాషాశాస్త్రజ్ఞుల నిర్ణయము. అదియే సంస్కృతమున హల్లునకు ముందు 'అ' గాను, అచ్చునకు ముందు 'అన్' గాను మాఱినది: అధర్మము, అనాది. గ్రీకునందును ఇట్లే: 'ఎథీయిస్టు' నిరీశ్వరవాది, 'ఎనార్కి' అరాజకము. ఆంగ్లమున నదియే 'అన్‌కైండ్' లోని 'అన్'. నఞ్‌నకు నకారలోపమును, అచ్చు పరమగునపుడు నుడాగమమును విధించి పాణిని సాధించిన రూపభేదమును చారిత్రకులు ఒక్క నకారముయొక్క ద్వివిధపరిణామముగాఁ జెప్పుదురు. ప్రక్రియ వేఱు, లక్ష్యమొక్కటి. సంస్కృతమున 'అమృతము', గ్రీకున 'అంబ్రోసియా', లాటినునుండి వచ్చిన 'ఇమ్మార్టల్' అను మూఁడును నుపసర్గయందును ధాతువునందును సగోత్రములు.

రెండవ 'ఇన్' లోపల, మీఁద అను నర్థముల నిచ్చును. ఇది సంస్కృతమందలి 'అంతర్' శబ్దమునకుఁ జుట్టము. లాటినున 'ఫ్లమ్మ' అనఁగా జ్వాల; 'ఇన్‌ఫ్లమ్మారె' అనఁగా మంట యంటించుట. దానినుండి పుట్టిన 'ఇన్‌ఫ్లేమబుల్' లో నిషేధమునకుఁ జోటే లేదు. ఫ్రెంచివారి నోటఁ బడి యీ 'ఇన్' కొన్ని మాటలలో 'ఎన్' అయినది. 'ఎన్‌రిచ్' లోనిది యిట్టిది. 'ఎనిమీ' యను మాటలో నట్లు మాఱినది నిషేధార్థకమగు మొదటి 'ఇన్'. లాటినున 'అమీకుస్' మిత్రుఁడు, 'ఇనిమీకుస్' మిత్రుఁడు కానివాఁడు. నిర్మాణమున నది మన 'అమిత్ర' శబ్దమువంటిదే.

సంధికార్యము ఈ చిక్కును మఱింత పెంచును. ఉత్, లేఖ అను రెండును గలిసి 'ఉల్లేఖ' యగునట్లు, లాటిను 'ఇన్' పరవర్ణము ననుసరించి 'ఇమ్', 'ఇల్', 'ఇర్' అగును. రెండు 'ఇన్'లకును ఈ మార్పు సమానమే. 'ఇంపాజిబుల్' అసాధ్యము, 'ఇంపోర్టు' లోనికిఁ దెచ్చుట; 'ఇల్లీగల్' న్యాయశాస్త్రవిరుద్ధము, 'ఇల్యూమినేట్' వెలుఁగు నింపుట; 'ఇర్రెగ్యులర్' క్రమము లేనిది, 'ఇర్రిగేట్' పొలమునకు నీరు పెట్టుట. చెవికిఁ దోఁచు పోలిక యర్థనిర్ణయమునకుఁ జాలదని యీ జంటలే చాటుచున్నవి.

దేశ్యమగు 'అన్' సంగతియు నిట్టిదే. 'అన్‌కైండ్' లోనిది నఞ్‌నకు సగోత్రము. 'అన్‌టై' యనఁగా ముడి విప్పుట. ఇందలి 'అన్' వేఱు. దీని ప్రాచీనరూపము 'అండ్', ఎదురు అని దాని యర్థము. గ్రీకు 'ఆంటి', సామీప్యమును దెలుపు వైదిక 'అంతి' శబ్దము దీనికి బంధువులు. 'ఆన్సర్' అను మాటలో నీ ప్రాచీనోపసర్గ యిప్పటికిని దాఁగియున్నది. జర్మనుభాషలో నిషేధమునకు 'ఉన్', విడిపించుటకు 'ఎంట్' అని రెండును వేఱువేఱుగా నిలిచినవి. ఆంగ్లమున మాత్రము రెండు నేకరూపమును బొందినవి.

ఇఁక సంస్కృతోపసర్గలతోడి బాంధవ్యము. సంస్కృత గ్రీకు లాటిను భాషల జ్ఞాతిత్వమును సర్ విలియం జోన్సు 1786లో కలకత్తాయందు ప్రకటించెను. జర్మానికభాషలలో హల్లులు మాఱిన తీరును 1822లో యాకబ్ గ్రిమ్ నియమబద్ధముగా వివరించెను. ఈ నియమములచేతనే 'పరి'కి గ్రీకు 'పెరి'యు, 'ప్ర'కు గ్రీకు లాటినులందలి 'ప్రో'యు బంధువులని స్థిరపడినది. 'అప'కు గ్రీకున 'అపో', లాటినున 'అబ్', ఆంగ్లమున 'ఆఫ్'. పకారము ఫకారమగుట గ్రిమ్ చెప్పిన మార్పే. 'ఉద్'నకు ఆంగ్లమున 'అవుట్', దకారము టకారమైనది. 'విత్‌డ్రా', 'విత్‌హోల్డ్' అను మాటలలో 'విత్' అనఁగా 'తోడ' అని కాదు. ఎదురుగా, ఎడముగా అని ప్రాచీనార్థము. అది 'వి' కుటుంబములోనిది.

అర్థమొక్కటి యైనంత మాత్రమున బాంధవ్యము సిద్ధింపదు. 'సమ్'నకును లాటిను 'కామ్'నకును కూడుట యను నర్థము సమానమే. కాని 'సమ్'నకు బంధువు గ్రీకు 'హోమో', 'కామ్' గాదు. 'ఉద్'నకును 'ఎక్స్'నకును వెలికి అను నర్థము కుదిరినను అవి వేఱు వంశములవి.

పుట్టుక తెలిసినను అర్థనిర్ణయము పూర్తికాదు. మన వైయాకరణులు నఞ్‌నకు సాదృశ్యము, అభావము, అన్యత్వము, అల్పత్వము, అప్రాశస్త్యము, విరోధము అని యాఱర్థములు చెప్పిరి. ఆంగ్లమునకును ఈ వివేకము పనికివచ్చును. 'ఇన్‌ఫేమస్' అనఁగా ప్రసిద్ధి లేనివాఁడు గాఁడు, అపకీర్తి గలవాఁడు, ఇచట నప్రాశస్త్యము. 'ఇన్‌జస్టిస్' లో విరోధము. 'ఇన్‌వాల్యుయబుల్' అనఁగా విలువలేనిది గాదు, విలువకట్టరానిది. తెలుఁగున 'అమూల్యము' అను మాట నెఱిఁగిన బాలునకు దీనిని వేఱుగా బోధింపఁ బనిలేదు.

ఉపసర్గలు విడిగా నర్థమును జెప్పవని శాకటాయనుఁడును, వానికి నానార్థములు గలవని గార్గ్యుఁడును వాదించినట్లు యాస్కుని నిరుక్తమునఁ గలదు. ఆంగ్లపదములను బరిశీలించినచో నీ రెండు మతములకును దావు గలదని తెలియును. 'ఓవర్', 'అవుట్' మొదలగునవి విడిగా నిలిచియు నర్థమిచ్చును. ఇది గార్గ్యపక్షమునకు బలము. 'ఇన్‌ఫ్లేమబుల్', 'ఇన్‌వాల్యుయబుల్' అనువానిలో 'ఇన్' దేనితోఁ జేరెనో చూడక యర్థము చెప్పుట యసాధ్యము, ఇది శాకటాయనపక్షము.

కాఁబట్టి ఆంగ్లబోధకులు ఉపసర్గకొక్క యర్థమను పట్టికను విడిచి, ప్రతిపదమునందును మూఁడు సంగతులు చూపుట మేలు: ఉపసర్గ యే భాషనుండి వచ్చినది, సంధిచే నెట్లు మాఱినది, ఏ శబ్దముతోఁ గలిసి యే యర్థమును బొందినది. సంస్కృతపండితు లీ పద్ధతిని క్రొత్తగా నభ్యసింపనక్కఱ లేదు. ప్రహారము, ఆహారము, సంహారము, విహారము, పరిహారము అని యొక్క ధాతువు నుపసర్గలతో నడిపించి చూపువారు అదే విధమునఁ బోర్టు, ఇంపోర్టు, ఎక్స్‌పోర్టు, ట్రాన్స్‌పోర్టు అను పదములను విడఁదీసి చూపఁగలరు. అట్లు నేర్చిన బాలుఁడు డబ్బాపైని మాటను జూచి మోసపోవఁడు.