కార్యస్మృతియు, మెదడు చిత్రములును

కళ్లమునందు ధాన్యము కొలుచువాడు "లాభము, రెండు, మూడు" అనుచు లెక్క సాగించును. నడుమ నెవరేని పలుకరించినచో బదులు చెప్పి, విడిచిన యంకెను అందుకొని మరల కొలుచును. ఆ కొన్ని క్షణములు అంకెను మనస్సునందు పట్టియుంచిన శక్తికి కార్యస్మృతి యని పేరు. చిన్ననాటి సంగతులను తలచుకొను జ్ఞాపకము వేఱు. చేతిలోని పని ముగియువఱకు కావలసినదానిని నిలుపుకొను జ్ఞాపకము వేఱు.

స్కిజోఫ్రీనియా యను మనోవ్యాధి గలవారిలో అనేకులకు ఈ శక్తి తగ్గియుండును. ఈ వ్యాధికి ఆ పేరు పెట్టినవాడు స్విట్జర్లాండు వైద్యుడగు బ్లాయిలర్. అది 1908 నాటి మాట. లేని మాటలు వినబడుట, నిష్కారణముగా అనుమానించుట అందఱి కంటను పడును. కాని మూడు పనులు చెప్పిన నొకటి చేసి తక్కినవి మఱచుట వ్యాధిలక్షణమని యెవరికిని తోచదు. సోమరి యని నిందింతురు. ఈ నింద ఎంతవఱకు న్యాయమో మెదడు చిత్రములు కొంత తెలుపుచున్నవి.

మెదడులో ఏ భాగము పనిచేయునో ఆ భాగమునకు రక్తము హెచ్చుగా ప్రవహించును. 1974లో స్వీడను దేశమున ఇంగ్వార్, ఫ్రాన్‌జెన్ అను శాస్త్రజ్ఞులు ఈ రోగులలో నుదుటివైపు మెదడునకు రక్తప్రవాహము సాపేక్షముగా తక్కువగా నున్నదని చూపిరి. 1986లో అమెరికాలో వైన్‌బర్గరును ఆయన సహచరులును రోగులచేత చీట్లపరీక్ష చేయించిరి. రంగును బట్టియో, ఆకారమును బట్టియో, సంఖ్యను బట్టియో చీట్లను జతపఱుపవలెను; నియమము చెప్పరు, నడుమ మార్చుదురు. ఆరోగ్యవంతులకు ఆ సమయమున నుదుటివెనుక పైప్రక్క భాగమున రక్తప్రవాహము హెచ్చెను. రోగులకు అట్లు హెచ్చలేదు.

పిమ్మట అయస్కాంతశక్తితో చిత్రములు తీయు యంత్రములు వచ్చినవి. వీనితో 1999 మొదలు జరిగిన కొన్ని పరిశోధనలలో మఱియొక వింత కానవచ్చెను. కొందఱు రోగులలో ఆ భాగము తక్కువగా గాక, అధికముగానే పనిచేయుచుండెను. బక్కయెద్దు స్వల్పభారమునకే రొప్పును, భారము మించిన కూలబడును. ఈ మెదడు స్థితియు అట్టిదే యని పలువురి యభిప్రాయము. అనగా, మనము సోమరితన మనుకొన్నచోట లోపల అధికశ్రమ జరుగుచుండవచ్చును.

అయితే ఈ ఫలితములు పెక్కుమందిని కలిపి చూచిన సగటులు. ఒక్క చిత్రమును చూచి ఫలానావానికి ఈ వ్యాధి కలదని నిర్ణయింప వీలులేదు. వైద్యుడు రోగితో మాటలాడి, ఇంటివారిని విచారించియే నిర్ణయించును. ఔషధములు లేని మాటలు వినబడుటను చాలవఱకు తగ్గించును. కార్యస్మృతిని అంతగా బాగుచేయజాలవు. అందువలన మందు మాన్పరాదు. మందుతోపాటు మన నడవడియు మారవలెను. క్రమమైన మానసికాభ్యాసమువలన కొందఱికి కొంత మేలు కలుగుచున్నది.

గ్రామమునందు పెద్దలగు మీ మాటకు విలువ యున్నది. అట్టి యువకుని తల్లిదండ్రులు మీయొద్దకు వచ్చినప్పుడు, వానిని దండింపుడని చెప్పక, మానసిక వైద్యునియొద్దకు తీసికొనిపొమ్మని చెప్పుడు. ఇంటిలో నొకసారి కొక్కపనియే చెప్పవలెననియు, సంతకు పంపునప్పుడు కావలసినవి కాగితముపై వ్రాసి యీయవలెననియు, పని నడుమ పలుకరింపరాదనియు బోధింపుడు. వీనికి ఖర్చు లేదు. ఆ యింటికి కలుగు ఊరట మాత్రము స్వల్పము కాదు.